నాలుగో మూల

ఊరందరికీ దిండ్లు కుట్టిపెట్టే నన్ను దిండు తీసేసి పడుకోమన్నాడు డాక్టరు. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. "ఎత్తు దిండు నీ మెడకు మంచిది కాదమ్మా. పల్చటి దుప్పటి ఒకటి మడిచి మెడ కింద పెట్టుకో, చాలు" అన్నాడాయన. ఆ మాట అన్నాక అడిగాడు, నేనేం పని చేస్తానని. పరుపులూ దిండ్లూ కుడతానని చెప్పాను. ఆయన రాస్తున్న కలం ఆపి నా వంక చూశాడు. ఎన్నేళ్ళ నుంచి అన్నాడు. పెళ్ళికి ముందు నుంచీ అన్నాను. అప్పుడు భుజానికి కూడా స్కాను తీయించుకు రమ్మని రాసిచ్చాడు.

మాది దూదేకులవాళ్ళ ఇల్లు. నమాజు చదివేది అరబ్బీలో, పోట్లాడుకునేది తెలుగులో. కర్నూలు పెరిగి పెరిగి కల్లూరు మీదికి వస్తున్న రోజుల్లో మేమూ అక్కడ రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు వేసుకున్నాం. ముందు భాగంలో దూది ఏకే మిషను, అది మా ఆయనది. వెనక భాగంలో చాప, సూదులు, దారం ఉండలు, అది నాది. మా నాయన విల్లుతో ఏకేవాడు, ఇప్పుడు మేం కరెంటుతో ఏకుతున్నాం. సూదికి మాత్రం ఇంకా ఏ కరెంటూ రాలేదు. జానెడున్నర దబ్బనాన్ని పరుపు పైనుంచి కిందికి దించాలి, కింది నుంచి పైకి లాగాలి, దారం బిగదీసి ముడి వేయాలి. అలా ముడి వేసుకుంటూ పరుపంతా తిరగాలి. ప్రతి ముడికీ కుడిచేయి చెవి దాకా లేవాలి, మెడ మాత్రం వంచిందే వంచినట్టు ఉండాలి. ముప్పై ఏళ్ళకు పైగా నా చేయి అలా లేస్తూ దిగుతూ ఉంది. అది కూడా అరిగే వస్తువేనని నాకెప్పుడూ తోచలేదు.

పని నేర్పింది మా నాయన. ఆయన నాకు తిట్లు చాలా పెట్టాడు గానీ, పద్ధతులు రెండే పెట్టాడు. పాత పరుపు ఏది వచ్చినా విప్పాల్సిందే, అది మొదటిది. వాడిన పరుపులో దూది గడ్డలు కడుతుంది. తెచ్చినవాళ్ళు తొందర మీద ఉంటారు, ఎండలో వేసి నాలుగు దెబ్బలు కొట్టి ఇచ్చేయమంటారు. "పైన కొడితే దుమ్ము లేస్తాది, గడ్డ పోదు. ఇప్పకుండా బాగుపడదు" అనేవాడు మా నాయన. ఆయన పోయాక అదే మాట నేను అంటూ వచ్చాను. ఎందరికి చెప్పానో లెక్క లేదు.

రెండోది నాలుగో మూల. దూది ఏకి, నింపి, సమంగా పరిచి, ముడులన్నీ వేశాక పరుపు నోరు కుట్టుకుంటూ వస్తాం. నాలుగో మూల దగ్గరికి వచ్చాక జానెడు మేర కుట్టకుండా వదిలేస్తాం. పరుపు ఎవరిదో వాళ్ళు వచ్చి ఆ సందులో చేయి పెట్టి, లోపలి దూది చిటికెడు తీసి చూసుకోవాలి. వాళ్ళు సరే అన్నాక వాళ్ళ కళ్ళ ముందే ఆ మూల కుట్టి ఇస్తాం. "లోపల ఏముండాదో పండుకునేటోళ్ళకు తెల్దు, మనకే తెలుసు. అందుకే చూపియ్యాల" అనేవాడు. ఇది ఊరందరి పద్ధతి కాదు, మా ఇంటి పద్ధతి. 

నొప్పి మొదట మెడలో వచ్చింది. మెడ పట్టిందనుకున్నాను. ఉప్పు మూటతో కాపడం పెట్టాను. వావిలాకు ఉడకబెట్టి ఆ నీళ్ళు పోసుకున్నాను. మెడలోంచి భుజంలోకి దిగింది, భుజంలోంచి మోచేతికి దిగింది. మా వీధిలో ఎదురుకాళ్ళతో పుట్టినామె ఒకామె ఉంది. తల ముందు రాకుండా కాళ్ళు ముందు వచ్చి పుట్టినవాళ్ళు కాలితో తంతే ఎలాంటి పట్టయినా వదులుతుందని మా వైపు నమ్మకం. నడుము పట్టినవాళ్ళూ మెడ పట్టినవాళ్ళూ పొద్దున్నే ఆమె గడప దగ్గర ఉంటారు. నేనూ పోయి కూర్చున్నాను.

"యాడ పట్టిందమ్మా?" అంది.

"ఈడ, బుజం కాడ."

ఆమె నన్ను గోడవైపు తిప్పి, కొంగు బిగించి, మూడుసార్లు తన్నింది. మనిషి మంచిదే గానీ బరువు మనిషి. మూడో తన్నుకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తగ్గిందా?" అని ఎంతో ఆశగా అడిగింది. ఆ ముఖం చూసి కాదనలేక "శానా నయం" అన్నాను. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఇంటికి నడిచి వచ్చేలోపు తెలిసింది. పైగా నాకు నయమైందని ఆమె వీధంతా చెప్పుకుంది, ఇంకో ఇద్దరు వెళ్ళి తన్నించుకున్నారు. ఆ పాపం నాదే.

ఇంట్లో దాచాను. నొప్పి ఉందని చెబితే మా ఆయన పని ఆపిస్తాడని భయం. కానీ జడ పట్టించేసింది. ఒకరోజు తల దువ్వుకోవడానికి చేయి ఎత్తితే చెవి దాకా కూడా రాలేదు. దువ్వెన పట్టుకుని అలాగే కూర్చున్నాను. మిషను ఆపి లోపలికి వచ్చిన మా ఆయన చూశాడు. దువ్వెన తీసుకుని నా వెనక కూర్చుని జడ వేయడం మొదలుపెట్టాడు. దూది పాయలు విడదీసినట్టు నా జుట్టును ఆరేడు పాయలు చేశాడు. మూడు పాయలేనని చెప్పాను. "మూడయితే వదులుగా ఉండదా?" అన్నాడు. నేను నవ్వాను, నవ్వితే కూడా భుజం నొప్పి పెట్టింది. మర్నాడే ఆసుపత్రికి తీసుకుపోయాడు.

స్కాను చూశాక డాక్టరు నాకు అర్థమయ్యేలా చెప్పాడు. మెడలో ఎముకల మధ్య మెత్తలు అరిగాయి, దానికి కోత అక్కరలేదు, వ్యాయామంతో సర్దుకుంటుంది. భుజం సంగతి వేరు. చేతిని పైకి లేపే కండ ఎముకను పట్టుకుని ఉండే చోట చినిగి, చాలావరకు ఊడివచ్చింది.

"చినిగిందా?" అన్నాను. అది నాకు బాగా తెలిసిన మాట.

"చినిగింది. సన్నటి రంధ్రాలు చేసి, గొట్టంతో లోపలికి చూసుకుంటూ, ఊడినదాన్ని మళ్ళీ ఎముకకు కుట్టాలి."

"ఏ దారంతో కుడతారు సార్?"

మా ఆయన నా మోచేయి గిల్లాడు. డాక్టరుకు మాత్రం ప్రశ్న నచ్చినట్టుంది. కరిగిపోని దారం, చాలా గట్టిది అన్నాడు. ఎముకలోకి సూది ఎలా దిగుతుందని అడిగాను. ఎముకలో చిన్న మేకులాంటిది దించుతామనీ, దారం దానికే ఉంటుందనీ చెప్పాడు.

"ముడి ఎవురు వేస్తారు? మిషనా?"

"నేనే వేస్తానమ్మా."

ఆ జవాబు విన్నాక కొంచెం ధైర్యం వచ్చింది. కానీ తర్వాతి జవాబుతో ఆ ధైర్యం పోయింది. మళ్ళీ దబ్బనం లాగుతానా అని అడిగాను. ఆరు వారాలు చేయి మెడకు వేలాడదీసి ఉంచాలనీ, అయిదారు నెలలు బరువు పని ముట్టకూడదనీ చెప్పాడు. "చాలామంది మామూలు పనులకు వస్తారు. నీది మామూలు పని కాదు. మాట ఇవ్వలేను" అన్నాడు. చేయించుకోకపోతే ఏమవుతుందన్నాను. "ముందు మూడు నెలలు వ్యాయామం చేద్దాం, కొందరికి అదే సరిపోతుంది. సరిపోకపోతే మాత్రం నాన్చొద్దు. చినుగు పెద్దదైపోతే కుట్టడానికి గుడ్డ మిగలదు." నా భాషలో చెప్పాడు మహానుభావుడు.

బయటికి వచ్చాక మా ఆయన ఆపరేషనే చేయించుకుందామన్నాడు. ఖర్చు సంగతి ప్రభుత్వం ఇచ్చిన ఆరోగ్య కార్డు చూసుకుంటుందన్నాడు. చేయి సంగతి ఎవరు చూసుకుంటారని అరిచాను. ఆసుపత్రి మెట్ల మీద జనం తిరిగి చూశారు. నాకు భయమేసింది, నేరుగా చెప్పాలంటే అంతే. కోసి కుట్టాక ఈ చేయి లేవకపోతే నేనేమిటి? వంట ఎవరైనా చేస్తారు. ఇల్లు ఎవరైనా ఊడుస్తారు. మా షెడ్డులో సూది పట్టేది నేనొక్కదాన్నే. ఫోము పరుపులు వచ్చి మా పనిని సగం తినేశాయి. మిగిలిన సగం నా కుట్టు తెలిసినవాళ్ళది. మూడు నెలల్లో కోత లేకుండా నా చేయిని నేనే తెచ్చుకుంటానని మెట్ల మీదే చెప్పాను, అదేదో ఆయన లాక్కున్నట్టు.

వ్యాయామం నేర్పే ఆమె డోన్ నుంచి రోజూ రైల్లో వచ్చేది. సన్నటి మనిషి, గొంతు మాత్రం స్టేషను మైకు. గడ్డం లోపలికి, మెడ వెనక్కి లాగి పది లెక్కపెట్టమనేది. అద్దంలో చూసుకుంటే అచ్చం వియ్యపురాలి మీద అలిగిన ముఖంలా ఉండేది. ముందుకు వంగి, చేతిని చేదలా వేలాడేసి ఊపమనేది. అన్నిటికంటే కష్టమైనది గోడ. గోడకు ఎదురుగా నిలబడి, రెండు వేళ్ళతో పాక్కుంటూ చేతిని పైకి తీసుకుపోవాలి. ఎక్కడ ఆగితే అక్కడ గీత గీసి, మరుసటి రోజు ఆ గీత దాటాలి.

"నొప్పి అయితే ఆపాల్నా?" అన్నాను మొదటి రోజు.

"ఓర్చుకునే నొప్పి అయితే పోండి. పొడిచే నొప్పి అయితే ఆగండి. మొండితనం గోడ మీద చూపియ్యండి, నా మీద కాదు" అంది. నేను అప్పటికే ఆమెతో రెండుసార్లు వాదించాను.

షెడ్డులో క్యాలెండరు తగిలించిన గోడను ఎంచుకున్నాను. గుడ్డ మీద గుర్తులు పెట్టే నీలం సుద్దతో మొదటి గీత గీశాను. అది నా గడ్డం ఎత్తున ఉంది. క్యాలెండరు మేకు నా తలకు రెండు జానల పైన ఉంది. ఆ మేకును ముట్టుకోవాలి, అదీ నా పంతం. పొద్దున ఫజర్ నమాజు అయ్యాక ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, చీకటి పడేముందు ఒకసారి గోడ ఎక్కేదాన్ని. ఆ రోజుల్లో సజ్దాకు వంగలేక కుర్చీలో కూర్చునే నమాజు చదివేదాన్ని. నుదురు నేలకు తాకకపోతే నాకు చదివినట్టే ఉండదు. ఒక్క రోజు కూడా వ్యాయామం మానలేదు. మా ఆయన మేనకోడలి పెళ్ళికి కడపకు పోయినప్పుడు కూడా, షాదీఖానా వెనక గోడ దగ్గర చేయి పాకించాను. పెళ్ళివాళ్ళ పిల్లలు చేరి నవ్వారు. నవ్వితే నవ్వారు.

మెడ బాగుపడింది. దుప్పటి మడతకు అలవాటు పడ్డాను, పొద్దున లేస్తే తల తిప్పగలుగుతున్నాను, నుదురు మళ్ళీ నేలకు ఆనింది. నెల తిరిగేసరికి నీలం గీతలు నా కళ్ళ దాకా వచ్చాయి. నేను గెలిచాననే అనుకున్నాను. తర్వాత గీత ఆగిపోయింది. నుదుటి ఎత్తున ఒకదాని మీద ఒకటి గీసిందే గీశాను, ఆ చోట గోడ నీలంగా మందంగా తయారైంది. ఎంత మొండికేసినా ఆ పైన చేయి నాది కాదు, ఎవరో పట్టుకుని కిందికి లాగుతున్నట్టు పడిపోయేది.

మూడో నెలలో టీచరమ్మ పరుపు వచ్చింది. ఆమె హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, ఒంటరిగా ఉంటుంది. కర్నూలుకు కొత్తగా ఉద్యోగానికి వచ్చినప్పుడు మా నాయన దగ్గర కుట్టించుకున్న పరుపు అది. అప్పుడు నేను దారం అందించే పిల్లను. ఆ తర్వాత రెండుసార్లు నేనే విప్పి మళ్ళీ కుట్టాను. నడుము నొప్పికి ఆమెకు వేరే ఏ పరుపూ పడదు. పరుపును ఆటోలో వేసి పంపి, ఫోను చేసింది. "నీకు చెప్పేదేముండాదమ్మా, నీకు తెలుసు గదా" అంది.

మా ఆయన వద్దన్నాడు. "చేతగావడంలేదని చెప్పు, పోయేదేముండాది? లేదంటే నాకు నేర్పియ్యి, నేను కుడతా" అన్నాడు. చేతగాదని చెప్పడం నాకు చేతగాలేదు. నేర్పడం అంతకన్నా చేతగాలేదు, నేర్పితే నా చోటు పోయినట్టేననిపించింది. నేనే చేస్తానన్నాను.

చేసింది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఆయన దూది కొనడానికి ఆదోని పోయిన రోజు ఆ పరుపును విప్పకుండా ఎండలో వేశాను. ఎడమచేత్తో కర్ర పట్టి పైపైన కొట్టాను. దుమ్ము లేచింది. గడ్డలున్న చోట మోకాలితో అదిమాను. ఊడిన ముడులు నాలుగు ఎడమచేత్తోనే ఎలాగో బిగించాను. పాత గుడ్డను తుడిచి, అంచు మీద కొత్త దారంతో ఒక వరుస కుట్టు వేశాను, చూసేవాళ్ళకు విప్పి కుట్టినట్టే ఉండాలని. నాలుగో మూల వదలలేదు. వదిలితే లోపల ఏముందో కనబడుతుంది. దూది నేనే మిషన్లో వేసి ఏకానని ఆయనకు చెప్పాను. మరునాడు ఆయన ఆటో పిలిచి పరుపు పంపించాడు. టీచరమ్మను వచ్చి చూసుకొమ్మని నేను ఫోను చేయలేదు.

అయిదో రోజు ఆమె వచ్చింది. పరుపును ఆటో పైన కట్టించుకుని, లోపల తను కూర్చుని వచ్చింది. ఆటో అతను, మా ఆయన కలిసి దాన్ని దించి చాప మీద పరిచారు. ఆమె మెల్లగా దాని పక్కన కూర్చుని నా చేయి పట్టుకుని పరుపు నడిమధ్యన పెట్టింది. కింద పిడికెడంత గడ్డ. దాని పక్కన ఇంకోటి.

"మీ నాయన కుట్టినప్పుడు ఈ మూల నాకు చూపిచ్చినాడు. నువ్వు రెండుసార్లు చూపిచ్చినావు. ఈసారి మూసి పంపినావు. ఇంటికి రాంగానే చూసినా. అయినా నాలుగు దినాలు పండుకున్నా, నీ మీద నమ్మకం కొద్దీ" అంది.

అరిచినా బాగుండేది. అరవలేదు కాబట్టి నేను అరిచాను. "అంత కష్టంగా ఉంటే ఫోము పరుపు కొనుక్కోండి టీచరమ్మా! ఊరంతా అవే కొంటాండారు గదా!" అన్నాను. మిషను దగ్గర మా ఆయన తలవంచుకున్నాడు. పరీక్షలో తప్పు చేసిన పిల్ల దానంతట అది ఒప్పుకునేదాకా ఊరుకునే టీచర్లు ఉంటారు, ఆమె అలాంటిదే. నాకు ఏడుపొచ్చింది. లేచి, గోడ దగ్గరికి పోయి, నీలం గీతల దాకా చేయి పాకించి చూపించాను.

"ఇంతే లేస్తాది. ఆ పైకి రాదు. మూడు నెలల నుంచి చేస్తాండా."

"చెప్పింటే నేను చాప మీద పండుకుందును గదమ్మా. చెప్పకపోతివే" అంది. తర్వాత అడిగింది, "డాక్టరు ఏమంటాడు?"

"ఇప్పి కుట్టాలంటాడు."

అన్నాక ఆ మాట నా చెవిలో పడింది. ఆమె పరుపు వైపు చూసింది, నేనూ చూశాను. ముప్పై ఏళ్ళుగా గడప తొక్కిన ప్రతివాళ్ళకూ చెప్పిన మాట, చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నట్టు చెప్పిన మాట. తనదాకా వస్తే మూడు నెలలుగా పైన కర్రతో కొట్టుకుంటూ కూర్చున్నాను. అయినా ఆ రోజు నన్ను కదిలించింది నొప్పి కాదు. నొప్పితో ఇంకో పదేళ్ళు బతికేదాన్ని. చేయి సరిగా లేనందుకు మూల మూసే మనిషినయ్యాను, దాన్ని ఓర్చుకోలేకపోయాను. కోశాక చేయి రాకపోతే చేతగాదని చెప్పుకుంటాను. అందులో అవమానం లేదు.

టీచరమ్మ పోతూ పోతూ పరుపు అక్కడే ఉంచమంది. "ఇంకెవురికీ ఇయ్యను. నీ చెయ్యి వచ్చినాకనే కుట్టు. నాకు చాప ఉండాది" అంది. మీ నడుము ఏమవుతుందని అడిగాను. "నా నడుము సంగతి నేను చూసుకుంటా. నీ బుజం సంగతి నువ్వు చూసుకో" అని ఆటో ఎక్కింది. ఆ సాయంత్రమే మా ఆయనతో డాక్టరుకు ఫోను చేయించాను. ఇక తాడో పేడో తేలిపోవాలి.

ఆపరేషను గది చల్లగా ఉంది. తల కింద పెట్టిన దిండు కుట్టు వంకరగా ఉంది, అంచున రెండు చోట్ల దారం వదులు. చెబుదామనుకుని ఊరుకున్నాను. డాక్టరు వచ్చి భయంగా ఉందా అన్నాడు. ఉందన్నాను. "ముడి బిగించి వేయండి సార్" అన్నాను. "కుట్టేది నేను. ఈ ఒక్కరోజు నువ్వు పడుకో" అన్నాడు. నాకు గుర్తున్నది అంతే.

ఇల్లు అలకగానే పండగ కాదని మా నాయన తల్లి, మా జేజి అనేది. అసలు కష్టం తర్వాత వచ్చింది. కుడిచేయి ఛాతీకి కట్టేసి ఉంది. ఎడమచేత్తో ముద్ద నోట్లో పెట్టుకోవడం మా ఇంట్లో ఎవరూ చేయని పని. చంచాతో తినమన్నారు, జొన్నరొట్టె చంచాకు లొంగుతుందా? మా ఆయన రొట్టె తుంచి, పప్పులో అద్ది, నా నోటికి అందించేవాడు. పెళ్ళిలో కూడా నాకు ముద్ద పెట్టని మనిషి. మొదటి రోజు ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. వారం తిరిగేసరికి, ఇంకొంచెం కారం అద్దమని నేను అధికారం చేస్తున్నాను. జడ కూడా మూడు పాయలకు వచ్చింది.

చేయి కట్టేసిన ఆ వారాల్లో ఆయనకు ముడి నేర్పాను. చాప మీద ఎదురుగా కూర్చుని నోటితో చెప్పడమే, ముట్టుకోవడానికి లేదు. దారం ఎటు తిప్పాలో చెప్పలేక నాకు కోపం, అర్థం కాక ఆయనకు కోపం. పాత దిండు ఒకటి మా ఇద్దరి మధ్య నలిగి చచ్చింది. నా చోటు పోతుందని ఎందుకంత భయపడ్డానో, ఆయన వేసిన మొదటి ముడి చూశాక ఆ భయం పోయింది. అంత వంకర ముడి నేనెప్పుడూ చూడలేదు.

కట్టు విప్పాక డోన్ ఆమె మళ్ళీ గోడ దగ్గర నిలబెట్టింది. ఈసారి చేయి నడుము దాటి లేవలేదు. పాత నీలం గీతలు పైనుంచి నన్ను చూస్తున్నాయి. అంత కష్టపడి ఎక్కిన గోడ మీద మళ్ళీ కింది నుంచి మొదలుపెట్టాలంటే కడుపు మండింది. ఆమెతో మళ్ళీ వాదించాను, ఆమె మళ్ళీ అరిచింది, నేను మళ్ళీ ఎక్కాను. ఈసారి తెల్ల సుద్ద తీసుకున్నాను. తెల్ల గీతలు ఛాతీ దాటాయి, గడ్డం దాటాయి. నాలుగో నెల చివర నుదుటి దగ్గరికి, నీలం మందంగా పేరుకున్న చోటికి వచ్చి ఆగాయి. రెండు రోజులు ఆగాయి. మూడో రోజు వేలు దాని మీదుగా పాకి అవతలికి పోయింది. ఎవరూ కిందికి లాగలేదు. నేను మా ఆయనను పిలవలేదు, కాసేపు ఒక్కదాన్నే నిలబడి చూసుకున్నాను. క్యాలెండరు మేకు అప్పటికి ఇంకా రెండు జానలకు పైనే ఉంది. ఇప్పటికీ రెండు వేళ్ళు తక్కువే. రోజూ ఎక్కుతూనే ఉన్నాను.

ఆరో నెలలో డాక్టరు తేలిక కుట్టు పనికి ఒప్పుకున్నాడు, అదీ రోజుకు కాసేపు. అదే రోజు టీచరమ్మ పరుపు విప్పాను. దూది రాళ్ళలా రాలింది. రెండు రోజులు ఎండ తగిలించాం, ఆయన ఏకాడు, ఇద్దరం నింపాం. ఒకప్పుడు పూటలో అయ్యే పని తొమ్మిది రోజులు పట్టింది. మధ్యలో ఉన్న బిగువు ముడులు ఆయన వేశాడు, చుట్టూ ఉన్నవి నేను వేశాను. నోరు కుట్టుకుంటూ వచ్చి నాలుగో మూల జానెడు వదిలి టీచరమ్మకు ఫోను చేశాను.

ఆమె వచ్చింది, అన్ని నెలలు చాప మీద పడుకున్న నడుము పట్టుకుని. పరుపు పక్కన కూర్చుంది. నడిమధ్య ముడులు నావి కావనీ, మా ఆయనవనీ, వంకరగా ఉన్నాయనీ, గట్టిగా మాత్రం ఉన్నాయనీ ముందే చెప్పేశాను. ఆమె నా భుజం వంక చూసింది, సూది పట్టుకున్న నా చేతి వంక చూసింది.

"చూసేదేముండాదమ్మా. కుట్టేయ్" అంది.

నేను సూది కింద పెట్టాను. కుడిచేయి చాపి ఆమె చేయి అందుకున్నాను. ఆ చేతిని తీసుకుపోయి, తెరిచి ఉన్న మూలలో, మణికట్టు దాకా లోపల పెట్టాను.